కూర్చుంటే ఆయాసం, పడుకుంటే ఉపశమనం: ఒక తలకిందుల లక్షణం చరిత్ర



ఆయాసంతో వచ్చిన రోగిని ప్రతి వైద్యుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పడుకుంటే ఎక్కువవుతుందా? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?" ఈ ప్రశ్న చాలా పాతది. పడుకుంటే ఊపిరాడక, లేచి కూర్చుంటే ఊరట కలిగే స్థితిని ప్రాచీన గ్రీకు వైద్యులు గుర్తించి, దానికి నిటారు శ్వాస అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మన చరక సంహితలోనూ తమక శ్వాస అనే వ్యాధి వర్ణన ఉంది. ఆ రోగి పడుకుంటే బాధపడతాడనీ, కూర్చుంటే సుఖపడతాడనీ అందులో స్పష్టంగా చెప్పబడింది. అంటే రెండు వేల ఏళ్లుగా వైద్యులకూ, రోగి బంధువులకూ ఒక నమ్మకం స్థిరపడిపోయింది: ఆయాసపడేవాడిని లేపి కూర్చోబెట్టాలి.

చాలామంది విషయంలో అది సరైన పనే. కానీ లేపి కూర్చోబెడితే ఆయాసం పెరిగే రోగులు కొందరున్నారు. వారిని పడుకోబెడితే పెదవుల నీలిరంగు తగ్గి, ముఖం తేటపడుతుంది. ఈ తలకిందుల లక్షణాన్ని వైద్యశాస్త్రం గుర్తించడానికి ఎందుకంత కాలం పట్టింది, గుండెను బొమ్మగా చూడగలిగిన తరువాత దాని రహస్యం ఎలా విడిపోయింది అన్నదే నేటి వ్యాసం. ఈ లక్షణాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను కూడా గుర్తించలేకపోయాను. కనుక ఆ పొరపాటుతోనే మొదలుపెడతాను.

బోధన్ నుంచి వచ్చిన రోగి

సుమారు ఇరవై ఏళ్ల కిందటి మాట. నిజామాబాదులో నా వద్దకు ఒక వృద్ధుడు వచ్చారు. ఆయనను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొద్దిగా మార్చి చెబుతున్నాను. ఆయన బోధన్ చక్కెర కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఈ జిల్లావారికి ఆ కర్మాగారం గురించి చెప్పనక్కరలేదు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు పొలాలకు అందింది. ఆ నీటితో చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది.

ఆ పెద్దమనిషికి వీపు బాగా వంగిపోయింది. నాలుగు నెలలుగా ఆయాసం. నేను ఆయన ఉద్యోగం అడిగాను. చెరకు పిప్పి గుట్టల దగ్గర చాలా ఏళ్లు పనిచేశానన్నారు. ఆ ఒక్క మాటతో నా మనసులో రోగ నిర్ధారణ పూర్తయిపోయింది.

దానికి కారణం ఉంది. చెరకు పిప్పిని తడిగా నిల్వ ఉంచితే, అది లోలోపల వేడెక్కి, అందులో ఒక రకం సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఎండిన పిప్పిని కదిలించినప్పుడు లేచే దుమ్ముతో అవి ఊపిరితిత్తులలోకి చేరి కొందరికి తీవ్రమైన వ్యాధి కలిగిస్తాయి. అమెరికాలో చెరకు పండించే లూసియానా రాష్ట్రంలో 1941లో జేమిసన్, హాప్కిన్స్ అనే వైద్యులు దీనిని వర్ణించారు. పిప్పికి ఆంగ్లంలో ఉన్న పేరును బట్టి దానికి బగసోసిస్ అని పేరు వచ్చింది. చెరకు ప్రాంతంలో పనిచేసే వైద్యుడిగా నేను దానిని శ్రద్ధగా చదువుకున్నాను. చదువుకున్న జబ్బుకు తగిన మనిషి ఎదురుగా కనబడేసరికి మిగతా ప్రశ్నలు అడగడం మానేశాను.

ఆయనను బల్లపై పడుకోబెట్టి పరీక్షించాను. గుండె చప్పుడు బాగానే ఉంది. ఊపిరితిత్తులలో పెద్ద తేడా వినిపించలేదు. ఎక్స్‌రేలో వయసుకు మించిన మార్పులేవీ లేవు. అయినా పీల్చే మందు రాసి పంపాను. రెండు వారాల తరువాత తగ్గలేదని మళ్లీ వచ్చారు. గుండెకు ఎకో పరీక్ష చేయించాను. పడుకోబెట్టి, ఎడమ పక్కకు తిప్పి చేసే మామూలు పరీక్ష అది. గుండె బలంగా ఉందని నివేదిక వచ్చింది. నేను మందు మోతాదు పెంచాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన భార్య నిష్ఠూరంగానే అన్నారు: "సారూ, నేను మొదటి దినం నుంచి చెప్తనే ఉన్న. పండుకుంటె మంచిగనే ఉంటడు. లేసి కూసుంటెనే దమ్మొస్తది. ఇంట్ల అందరు నాటకమంటున్నరు. మీరు గూడ ఇనకపోతే ఎవలికి చెప్పాలె?"

ఆమె నిజంగానే మొదటి రోజు నుంచీ చెబుతున్నారు. నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. ఆయాసపడే మనిషి పడుకుంటే బాగుంటాడా, తారుమారుగా చెబుతున్నారేమో అనుకున్నాను. ఆ రోజుల్లో వేలికి తొడిగే ఆక్సీమీటర్లు ఆపరేషన్ గదుల్లో తప్ప కనిపించేవి కావు. ఒకటి అడిగి తెప్పించాను. పడుకున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం 95. కూర్చోబెట్టి చూస్తూ నిలుచున్నాను. 92, 89, 86. నాలుగు నిమిషాలలో 83కు పడిపోయింది. పెదవులు నీలంగా మారాయి. మళ్లీ పడుకోబెడితే కొద్దిసేపటికి 95. ఆయన నటించడం లేదు. ఇంతవరకు ఆయనకు జబ్బు లేని భంగిమలోనే మేమంతా పరీక్షలు చేస్తున్నాము.

పేరు లేని కాలం, పేరు వచ్చిన కాలం

ఈ స్థితి వైద్య సాహిత్యంలో స్పష్టంగా కనిపించేది 1949లో. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన బర్చెల్, హెల్మ్‌హోల్జ్, వుడ్ అనే వైద్యులు నిటారుగా ఉన్నప్పుడు వచ్చే ఆయాసం గురించి రాశారు. తరువాత ఇరవై ఏళ్ల వరకు దానికి ప్రత్యేకమైన పేరు లేదు. 1969లో ఆల్ట్‌మన్, రాబిన్ అనే వైద్యులు దానికి ప్లాటిప్నియా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ప్లాటిస్ అంటే చదునైన అని అర్థం. చదునుగా పడుకుంటేనే శ్వాస హాయిగా ఉండటం అని భావం. నిటారుగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోవడాన్ని 1976లో రాబిన్, ఆయన సహచరులు ఆర్థోడియాక్సియా అన్నారు. మొదటిది రోగి చెప్పే బాధ. రెండవది పరికరం చూపే కొలత. రెండూ కలిస్తే ప్లాటిప్నియా ఆర్థోడియాక్సియా లక్షణ సముదాయం.

పేరు రావడం చిన్న విషయం కాదు. పేరు లేని బాధను చెప్పుకునే రోగిని ఇంట్లోవారే కాదు, వైద్యుడు కూడా నమ్మడు. పేరు ఉన్నప్పుడే ప్రశ్న పుడుతుంది. అయితే పేరు కారణాన్ని చెప్పదు. కారణం కోసం గుండెలోని ఒక పాత తలుపు దగ్గరకు వెళ్లాలి.

పుట్టుకతో మూసుకోవలసిన తలుపు

గుండె పై భాగంలో రెండు గదులున్నాయి. వాటిని కర్ణికలు అంటాము. ఒళ్లంతా తిరిగి వచ్చిన చెడు రక్తం కుడి కర్ణికలోకి చేరుతుంది. అక్కడినుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, ఆక్సిజన్ నింపుకొని, ఎడమ కర్ణికకు వస్తుంది. రెండు గదుల మధ్య గోడ ఉంది. తల్లి గర్భంలోని శిశువు ఊపిరి పీల్చదు. తల్లి నుంచి వచ్చే మంచి రక్తం ఊపిరితిత్తుల దారి తప్పించుకుని నేరుగా కుడి నుంచి ఎడమకు దాటాలి. అందుకే ఆ గోడలో ప్రకృతి ఒక చిన్న తలుపు పెట్టింది. దాని పేరు ఫోరామెన్ ఓవేల్, అంటే అండాకార రంధ్రం.

రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్‌కు ఈ తలుపు తెలుసు. పుట్టిన తరువాత అది మూసుకుపోతుందనీ ఆయనకు తెలుసు. పదహారో శతాబ్దంలో ఇటలీ వైద్యుడు బొటాలో దాని గురించి రాశాడు. రక్తప్రసరణను నిరూపించిన విలియం హార్వే 1628 నాటి తన గ్రంథంలో శిశువుకు ఈ మార్గం ఎందుకు అవసరమో వివరించాడు. కాబట్టి ఈ తలుపు కొత్తగా కనిపెట్టినది కాదు. పెద్దవారిలో అది చేయగల హాని మాత్రమే ఆలస్యంగా తెలిసింది.

పుట్టగానే ఎడమ గదిలో ఒత్తిడి పెరిగి తలుపు రెక్క గోడకు అంటుకుంటుంది. చాలామందిలో అది అతుక్కుపోతుంది. కొందరిలో మూసుకుంటుంది గానీ అతుక్కోదు. 1984లో మేయో క్లినిక్ వైద్యులు మరణించినవారి 965 గుండెలను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో 27.3 శాతం గుండెలలో ఈ తలుపు తెరుచుకోగల స్థితిలో ఉన్నట్లు తేలింది. అంటే సుమారు నలుగురిలో ఒకరు. ఇది చదివి భయపడవద్దు. వారిలో అత్యధికులు తమకు అటువంటిది ఉందని తెలియకుండానే నిండు జీవితం గడుపుతారు.

కాలువ మలుపు, తూము తలుపు

అయితే డెబ్బై ఏళ్లు ఏ ఇబ్బందీ పెట్టని తలుపు ఉన్నట్టుండి కూర్చున్నప్పుడే ఎందుకు తెరుచుకుంటుంది? ఎడమ గదిలో ఒత్తిడి ఎక్కువ కదా, రక్తం ఎదురు ఎలా దాటుతుంది? వైద్యులను చాలాకాలం తికమక పెట్టిన ప్రశ్న ఇదే.

నిజాంసాగర్ కాలువల కింద సేద్యం చేసేవారికి జవాబు సులభంగా అర్థమవుతుంది. కాలువ గట్టుకు ఒక తూము తలుపు ఉందనుకోండి. నీరు దాని పక్కగా పారుతున్నంతకాలం తలుపు కదలదు. కాలువ కాస్త వంకర తిరిగి, పారే నీరు సూటిగా ఆ తలుపునే తాకడం మొదలైతే, నీటిమట్టం ఒక్క అంగుళం పెరగకపోయినా ఆ వేగానికి తలుపు తెరుచుకుంటుంది.

గుండెలో జరిగేదీ అదే. కడుపు, కాళ్ల వైపు నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర కుడి కర్ణికలోకి తెరుచుకునే చోటు సహజంగానే ఆ తలుపు వైపు చూస్తుంది. శిశువుకు అది మేలు చేసిన ఏర్పాటు. వయసుతో బృహద్ధమని వెడల్పై సాగినా, వెన్ను వంగినా, కుడి ఊపిరితిత్తిని శస్త్రచికిత్సతో తొలగించినా, కుడి వైపు ఉదరవితానం పైకి లేచినా గుండె కొద్దిగా పక్కకు తిరుగుతుంది. గోడ వాలు మారుతుంది. కూర్చున్నప్పుడు, నిలుచున్నప్పుడు ఆ మార్పు మరింత ఎక్కువై రక్త ప్రవాహం తలుపు మీదికి సూటిగా మళ్లుతుంది. ఊపిరితిత్తులకు వెళ్లవలసిన చెడు రక్తంలో కొంత నేరుగా మంచి రక్తంలో కలుస్తుంది. పడుకోగానే గుండె మళ్లీ తన చోటుకు జరుగుతుంది. తలుపు మూసుకుంటుంది.

కాబట్టి ఈ జబ్బుకు రెండు ఉండాలి. ఒకటి పుట్టుకతో వచ్చిన తలుపు. రెండవది తరువాత వచ్చిన వంపు. మా రోగికి రెండూ ఉన్నాయి. ఆయన వంగిన వీపు ప్రతిసారీ నా కళ్లెదుటే ఉంది.

ఓడల కర్మాగారం నుంచి గుండె దాకా

ఇదంతా బతికున్న మనిషిలో చూడటమెలా? 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే గుండె నీడను చూపిందే గాని లోపలి గోడను చూపలేదు. 1929లో జర్మనీ యువ వైద్యుడు ఫోర్స్‌మన్ తన చేతి సిర గుండా తన గుండెలోకే సన్నని గొట్టం పంపుకొని ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ మార్గాన్ని అభివృద్ధి చేసిన కోర్నండ్, రిచర్డ్స్‌తో కలిపి ఆయనకు 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. గొట్టంతో గదుల ఒత్తిడిని, ఆక్సిజన్‌ను కొలవవచ్చు. కానీ అది ఎక్కడంటే అక్కడ, ఎవరికంటే వారికి చేయగల పరీక్ష కాదు.

దారి చూపినది ఒక పారిశ్రామిక పరికరం. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడు కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు చెడిన రోగులను చూసేవాడు. శస్త్రచికిత్సకు ముందు కవాటం స్థితి తెలుసుకునే తేలిక మార్గం కోసం వెతుకుతూ హెల్‌ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్తను కలిశాడు. లోహపు పలకల్లో పగుళ్లను శబ్ద తరంగాలతో పట్టుకునే పరికరం మాల్మో ఓడల కర్మాగారంలో ఉందని హెర్ట్జ్‌కు తెలుసు. దానిని అరువు తెచ్చి తన ఛాతీపైనే పెట్టి చూశాడు. కదిలే గుండె నుంచి ప్రతిధ్వని తిరిగి వచ్చింది. 1953 అక్టోబరు 29న వారిద్దరూ అటువంటి పరికరంతోనే గుండె కదలికను నమోదు చేశారు. నేడు మనం ఎకో అని పిలిచే పరీక్షకు అది పుట్టినరోజు. ఎకో అంటే ప్రతిధ్వని మాత్రమే. అందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, నొప్పి లేదు.

తొలినాటి ఎకో గీతలు మాత్రమే చూపేది. 1970లలో కదిలే బొమ్మ వచ్చింది. ఆ తరువాత రక్త ప్రవాహపు దిశ, వేగం కూడా కనిపించాయి. అన్నవాహిక గుండా పంపే ఎకో వచ్చాక గుండె వెనుక నుంచి కర్ణికల మధ్య గోడను అతి దగ్గరగా చూడటం వీలైంది.

బుడగలు చెప్పిన సాక్ష్యం

అయినా మూసి ఉన్న తలుపు మామూలు ఎకోలో గోడలాగే కనిపిస్తుంది. అది తెరుచుకుంటుందని రుజువు చేసినవి గాలి బుడగలు. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో గ్రామియాక్, ప్రవీణ్ షా అనే వైద్యులు ఒక విషయం ప్రకటించారు. గుండెలోకి ద్రవం ఎక్కిస్తున్నప్పుడు ఎకోలో మబ్బులాంటి మెరుపు కనిపిస్తోంది. ద్రవంలోని సూక్ష్మమైన గాలి బుడగలే ఆ మెరుపుకు కారణమని తరువాత అర్థమైంది. అలా బుడగల పరీక్ష ఏర్పడింది.

దాని పద్ధతి ఆశ్చర్యపడేంత సులువు. సుమారు తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్, ఒక మిల్లీలీటరు గాలి రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ వేగంగా తోస్తే ద్రవం నురుగులా తెల్లబడుతుంది. దానిని సిరలోకి ఎక్కిస్తూ ఎకో చూస్తారు. కుడి గదులు బుడగలతో తెల్లగా నిండుతాయి. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు జల్లెడలా ఆ బుడగలను ఆపేస్తాయి. ఎడమ గదులు నల్లగానే ఉంటాయి. ఎడమ వైపు బుడగలు కనిపించాయంటే అవి జల్లెడను తప్పించుకున్నాయన్న మాట.

ఎటునుంచి తప్పించుకున్నాయి? ఇక్కడ వైద్యుడు గుండె లబ్‌డబ్‌లు లెక్కపెడతాడు. కుడి గది నిండిన మూడు స్పందనలలోపే ఎడమ వైపు బుడగలు వస్తే అవి గోడలోని తలుపు గుండా వచ్చాయి. మూడు నుంచి ఆరు స్పందనల తరువాత వస్తే ఊపిరితిత్తుల లోపలి దారి గుండా చుట్టి వచ్చాయి. ఖరీదైన యంత్రం పక్కన చేసే ఆ చిన్న లెక్క ఒకే లక్షణం ఉన్న రెండు వేర్వేరు జబ్బులను విడదీస్తుంది.

ఇక్కడ ఒక షరతు ఉంది. పడుకోబెట్టి చేస్తే ఈ పరీక్ష కూడా మోసపోవచ్చు. ఆయాసం ఏ భంగిమలో వస్తుందో ఆ భంగిమలోనే బుడగలు ఎక్కించి చూడాలి. కూర్చోబెట్టి చేయాలి, లేదా నిలువుగా వాల్చగల బల్లపై చేయాలి.

రెండో దారి: కాలేయం

ఆలస్యంగా వచ్చే బుడగల వెనుక తరచుగా కాలేయ వ్యాధి ఉంటుంది. కాలేయం గట్టిపడిన కొందరిలో ఊపిరితిత్తుల సన్నని నాళాలు వెడల్పవుతాయి. జల్లెడ కన్నాలు పెద్దవైనట్లే. రక్తం ఆక్సిజన్‌ను సరిగా తీసుకోకుండానే జారిపోతుంది. ఇటువంటి నాళాలు ఊపిరితిత్తుల అడుగు భాగంలో ఎక్కువ. కూర్చుంటే భూమ్యాకర్షణ వల్ల రక్తం అడుగుకే చేరుతుంది. అందువల్ల ఆక్సిజన్ పడిపోతుంది.

1884లో ఫ్లూకిగర్ అనే వైద్యుడు కాలేయం గట్టిపడి, ఒళ్లు నీలమై, వేళ్ల కొనలు ఉబ్బిన ఒక స్త్రీని వర్ణించాడు. కాలేయానికీ ఊపిరితిత్తులకూ గల ఈ సంబంధానికి హెపటోపల్మనరీ సిండ్రోమ్ అనే పేరు 1977లో కెనెడీ, నడ్సన్ పెట్టారు. ఒక చూపుకూ ఒక పేరుకూ మధ్య 93 ఏళ్లు.

మన జిల్లాలో కల్లు, సారా వల్ల, హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల కాలేయం చెడినవారిని నేను ఎందరినో చూశాను. వారికి ఆయాసం వస్తే కడుపులో నీరు వల్లనే అనుకుంటాము. చాలాసార్లు అది నిజమే. కానీ అటువంటివారు కూర్చున్నప్పుడు ఎక్కువ ఆయాసపడితే, వేళ్ల కొనలు ఉబ్బితే, పెదవులు నీలమైతే బుడగల పరీక్ష అవసరం. ఇది మందులతో నయమయ్యే స్థితి కాదు. ఆక్సిజన్ తాత్కాలికంగా ఆదుకుంటుంది. కాలేయ మార్పిడి తరువాత చాలామందిలో ఊపిరితిత్తులు తిరిగి బాగుపడతాయి. అందుకే త్వరగా గుర్తించడం ప్రాణాలతో ముడిపడిన విషయం.

తలుపు మూసిన తరువాత

మా రోగిని హైదరాబాదుకు పంపవలసి వచ్చింది. బోధన్ నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు. బస్సులో కూర్చొని వెళ్లలేరు. జీపు వెనుక సీటులో పడుకోబెట్టి తీసుకువెళ్లారు. అక్కడి వైద్యులకు నేను రాసిన ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం ఒక్కటే: దయచేసి కూర్చోబెట్టి చూడండి. పడుకున్నప్పుడు చేసిన పరీక్షలో ఎడమ వైపు నాలుగైదు బుడగలు మాత్రమే కనిపించాయి. కూర్చోబెట్టి చేయగానే మూడు స్పందనలలోపే ఎడమ గది తెల్లగా నిండిపోయింది.

ఆ తలుపును మూయడానికి ఒకప్పుడు ఛాతీ కోయవలసి వచ్చేది. 1975లో కింగ్, మిల్స్ అనే వైద్యులు కర్ణికల మధ్య గోడలోని రంధ్రాన్ని గొట్టం గుండా పంపిన గొడుగులాంటి పరికరంతో మొదటిసారి మూశారు. అది జరిగింది లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్‌లో. నన్ను తప్పుదారి పట్టించిన పిప్పి జబ్బు వర్ణన వచ్చింది కూడా ఆ రాష్ట్రం నుంచే అని చాలా ఏళ్ల తరువాత గమనించాను. నేడు తొడ దగ్గరి సిర గుండా చిన్న పరికరాన్ని పంపి తలుపుకు రెండు వైపులా బిగిస్తారు. అయితే ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి బాగా పెరిగి, ఆ ఒత్తిడికి తలుపు తెరుచుకున్నవారిలో దానిని మూయడం ప్రమాదకరం. అందుకే మూసే ముందు ఒత్తిడులు కొలవడం తప్పనిసరి.

పరికరం బిగించిన మరునాడు ఆయనను కూర్చోబెట్టి చూశారు. ఆక్సిజన్ 95. వారం తరువాత నన్ను చూడటానికి వచ్చారు. బస్సులో, కిటికీ పక్కన కూర్చుని వచ్చానని చెప్పారు. ఆయన భార్య మాత్రం నాతో ఎక్కువ మాట్లాడలేదు. నాలుగు నెలలు భర్త నాటకమాడుతున్నాడన్న మాట పడినది ఆమె. నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. "ఇప్పుడు మంచిగున్నడు కద సారూ, చాలు" అన్నారు.

మీరు చేయదగినవి

నా వృత్తిలో ఇటువంటి రోగులను వేళ్ల మీద లెక్కించవచ్చు. ఆయాసానికి రక్తహీనత, ఉబ్బసం, గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బులే సాధారణ కారణాలు. కాబట్టి ఇది చదివి ఎవరూ తమకు గుండెలో తలుపు తెరుచుకుందని బెంగపడవద్దు. కానీ ఇప్పుడు ఒక సౌకర్యం ఉంది. జపాన్‌లో తకువో అయోయాగి 1970లలో రూపొందించిన పల్స్ ఆక్సీమీటర్ సూత్రం 2020, 2021 కోవిడ్ కాలంలో మన ఇళ్లలోకి వచ్చింది. కోవిడ్ న్యుమోనియా నుంచి కోలుకుంటున్న కొందరిలో కూడా కూర్చున్నప్పుడు ఆక్సిజన్ పడిపోవడాన్ని సింగపూర్ తదితర దేశాల వైద్యులు గమనించారు. ఆ పరికరం నేటికీ చాలా ఇళ్లలో సొరుగులో పడి ఉంటుంది. దానిని ఇలా ఉపయోగించవచ్చు.

మొదటిది: కారణం తెలియని ఆయాసం ఉన్నవారిని పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ శాతం రాసుకోండి. తరువాత కూర్చోబెట్టి పది నిమిషాలు, వీలైతే పక్కన మనిషి ఉండగా నిలబెట్టి కొన్ని నిమిషాలు చూసి రాసుకోండి. చేయి వెచ్చగా ఉండాలి, గోటికి రంగు ఉండకూడదు.

రెండవది: ఒకటి రెండు శాతం తేడా పరికరం పొరపాటు కావచ్చు. కూర్చున్నప్పుడు 5 శాతం లేదా అంతకు మించి తగ్గితే, మరునాడు మళ్లీ చూసినా అలాగే ఉంటే, ఆ కాగితం వైద్యునికి చూపండి. ఏ భంగిమలో అయినా 90 కంటే తక్కువ ఉంటే మరునాటి వరకు ఆగవద్దు.

మూడవది: ఎకో చేయించుకున్నప్పుడు మీ బాధ ఏ భంగిమలో వస్తుందో చేసేవారికి ముందే చెప్పండి. నివేదిక బాగుందంటే పడుకున్నప్పుడు గుండె బాగుందని అర్థం కావచ్చు.

నాలుగవది: రోగి పక్కన రాత్రింబవళ్లు ఉండేవారి మాటను కొట్టిపారేయవద్దు. ఇది ఇంటివారికీ, నా తోటి వైద్యులకూ కలిపి చెబుతున్న మాట.

ఈ పట్టణంలో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడ చదివే పిల్లలు నన్ను కలిసినప్పుడు నేను ఈ కథే చెబుతాను. గాలెన్ నుంచి ప్రవీణ్ షా వరకు ఎందరో కలిసి ఆ తలుపును మనకు కనిపించేలా చేశారు. ఆ యంత్రం ముందు రోగిని పడుకోబెట్టాలా, కూర్చోబెట్టాలా అన్నది మాత్రం రోగి మాట విన్నవారికే తెలుస్తుంది. ఆ మాట నాకు మొదటి రోజునే చెప్పారు. నేను వినడానికి ఆరు వారాలు పట్టింది.

మీ ఇంట్లో ఎవరైనా "కూర్చుంటే దమ్మొస్తుంది" అంటే, ఆ ఆరు వారాలు మీరు పోగొట్టుకోవద్దని నా మనవి.

శుభం.